నీ తరఫున ఎవరొచ్చిండ్రు?

మొన్న జనవరిలో హైదరాబాదు ఎల్బీనగర్ దగ్గరి ఫంక్షన్ హాలులో, అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉన్న మన సంఘం జరిపిన తల్లిదండ్రుల ఆత్మీయ సమ్మేళనానికి వచ్చినవారికి ఆ సాయంత్రం గుర్తుండే ఉంటుంది. పేర్లు చదువుతుంటే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వేదిక ఎక్కి శాలువా కప్పించుకున్నారు. మా అమ్మ పేరు వచ్చింది. ఆమెతో ఒకే ఆటోలో వచ్చి, మూడో వరుసలో ఆమె పక్కనే కూర్చున్న ఆవిడ పేరు మాత్రం రాలేదు. జాబితా పూర్తయి భోజనాలకు పిలిచేదాకా ఆవిడ ఒడిలో చేతులు పెట్టుకుని వేదిక వైపే చూస్తూ కూర్చున్నారట. ఆవిడ కొడుకు ఫీనిక్స్‌లో మన మాజీ కోశాధికారి.

విషయం మీకు తెలిసిందే. బతుకమ్మ పండుగకు అద్దెకు తీసుకున్న హాలు తాలూకు 1,200 డాలర్ల డిపాజిట్ లెక్కల్లో కనిపించలేదు. కార్యవర్గం రెండు ఫోన్ సమావేశాలు పెట్టి, లాయరు చేత నోటీసు పంపించి, ఆయన సభ్యత్వాన్ని రద్దు చేసింది. ఆ తీర్మానానికి చేయెత్తిన ఏడుగురిలో నేనూ ఒకణ్ణి. మార్చిలో తెలిసినదేమిటంటే, హాలు వాళ్ళు ఆ డబ్బును సంఘం పాత బ్యాంకు ఖాతాకు ఎప్పుడో తిప్పి పంపారు. మేము ‘వ్యవహారం ముగిసినది’ అని రెండు వాక్యాల ఉత్తరం రాశాము. క్షమించమన్న మాట అందులో లేదు.

వనస్థలిపురంలో వ్యవహారం ముగియలేదు. మా అమ్మ, ఆవిడ తొమ్మిదేళ్ళుగా కలిసి రైతుబజారుకు వెళ్ళేవారు. పిల్లలు దూరదేశంలో ఉన్న ఇద్దరు ఒంటరి ఆడవాళ్ళకు ఒకరి బీపీ మాత్రల పేర్లు ఒకరికి కంఠతా వచ్చు. సంక్రాంతికి ఆవిడ ఇచ్చిన సకినాల డబ్బా, మూత మీద ఇంటిపేరు చెక్కించిన స్టీలు డబ్బా, ఇప్పటికీ మా అమ్మ వంటింటి అరలో ఉంది. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు. ఏదైనా వండి అందులో పెట్టి ఇవ్వాలంటే వాళ్ళ గడప తొక్కాలి. వాచ్‌మన్ చేత పంపిస్తే అంతకంటె అవమానం లేదు. కప్పిన శాలువాను కూడా అమ్మ మడత విప్పలేదు.

మనం ఉంటున్న అరిజోనాలోనే, ఫీనిక్స్‌కు అయిదు గంటల దూరంలో, అమెరికా మూలవాసులైన నవాహో ప్రజల రాజధాని విండో రాక్ ఉంది. అక్కడి న్యాయమూర్తులు 1982లో తమ పూర్వీకుల తగవు తీర్చే పద్ధతిని మళ్ళీ తమ కోర్టు వ్యవస్థలోకి తెచ్చుకున్నారు. తగవు పడ్డవాళ్ళూ, ఇరువైపుల బంధువులూ కలిసి కూర్చుంటారు, మొదట ప్రార్థన చేస్తారు, ఆ తరువాత ప్రతి ఒక్కరూ తనకు జరిగినది తన నోటితో చెబుతారు. నడిపించే పెద్దను నాటానీ అంటారు. ఆయన ముక్కూ మొహం తెలియని తటస్థుడు కాడు, ఇరువైపులా గౌరవం ఉన్న మనిషి. ఆయన తీర్పు చెప్పడు, బుద్ధి చెబుతాడు, దారి చూపుతాడు. చెడినదాన్ని సరిచేయడానికి ఇవ్వవలసినదాన్ని నాల్యే అంటారు. అది డబ్బు కావచ్చు, మరొకటి కావచ్చు, పుచ్చుకునేవాళ్ళ మనసుకు చాలిందా లేదా అన్నదే కొలత. నవాహో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన రాబర్ట్ యాజీ తన వ్యాసాల్లో ఒక నానుడిని ప్రస్తావించారు. తప్పు చేసినవాణ్ణి చూసి అక్కడివాళ్ళు ‘చుట్టాలు లేనివాడిలా ప్రవర్తిస్తున్నాడు’ అంటారట.

ఆ మాట చదివినప్పుడు నాకు నల్లగొండ జిల్లాలోని మా తాతగారి ఊరు, వేపచెట్టు కింది రచ్చబండ కళ్ళముందు కదిలాయి. నాకప్పుడు పదేళ్ళు ఉంటాయి. ఒకతను రాత్రివేళ పొరుగువాడి గట్టు తెంపి చెరువు నీళ్ళు తన మడిలోకి మళ్ళించుకున్నాడు. తెల్లారి అందరూ చేరారు. తాతగారు అతణ్ణి ఎందుకు చేశావని అడగలేదు. “నీ తరఫున ఎవరొచ్చిండ్రు?” అని అడిగారు. ఎవరూ రాలేదు. “మేనమామను పిలువుండ్రి, ఆయన వచ్చినంక మాట్లాడుదాం” అని లేచిపోయారు. మర్నాడు మేనమామ వచ్చి పక్కన కూర్చున్నాకే పంచాయితీ మొదలైంది. తెంపినతను తన చేతులతోనే గట్టు వేయాలన్నారు. అతను పార పట్టి మట్టి వేస్తుంటే, నష్టపోయిన రైతు కాసేపు చూసి, తానూ దిగి గట్టును కాళ్ళతో తొక్కడం నేను కళ్ళారా చూశాను. ఆ పూట రెండు ఇళ్ళవాళ్ళూ ఒకే చోట తిన్నారు.

అదే చెట్టు కింద ఇంకో దృశ్యమూ చూశాను, దాన్ని దాచిపెడితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మాదిగవాడ నుంచి వచ్చినవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని నీడకు బయట, ఎండలో నిలబడేవారు. ఒక వితంతువుకు దండుగ వేసిన రోజు ఆమెను ఒక్క మాట కూడా మాట్లాడనివ్వలేదు, ఆ రోజూ తాతగారు బండ మీదనే ఉన్నారు. కులం నుంచి వెలివేయడమూ, సర్దుకుపొమ్మని ఆడపిల్లను అత్తవారింటికి తిప్పి పంపడమూ ఈ పెద్దమనుషుల చేతుల మీదుగానే జరిగాయి. గృహహింసను ఇలాంటి పద్ధతికి వదిలిపెట్టవచ్చునా అన్నది నవాహో పద్ధతి విషయంలోనూ తీవ్రంగా చర్చకు వచ్చిన ప్రశ్నే. నా మట్టుకు, వదలకూడదు. దెబ్బలు తిన్న మనిషిని కొట్టినవాడి ఎదుట కూర్చోబెట్టి మాట్లాడమనడం న్యాయం కాదు.

అయితే లెక్కల్లో పొరపాటు, మైకు దగ్గర జారిన మాట, నాటకంలో వేషం దక్కని అలక, మన సంఘాలు చీలిపోయేది ఇలాంటి వాటి వల్లనే. వీటికి లాయరు నోటీసు దేనికి? న్యూజిలాండ్ 1989లో అక్కడి మూలవాసులైన మావోరీల రివాజును ఆధారం చేసుకుని, నేరం చేసిన పిల్లల విషయంలో కుటుంబమంతా బాధితుడితో కలిసి కూర్చునే పద్ధతిని చట్టంగా చేసింది. ఆదిలాబాద్ గోండులు నేటికీ తగవులను రాయ్ సెంటర్ అనే తమ పంచాయితీలో, సార్మెడి అనే పెద్ద ఎదుట పెట్టుకుంటారు. వాణిజ్య తగాదాల కోసం హైదరాబాదులోనే 2021లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం వెలిసింది. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం ఇరుగుపొరుగు తగవులకు ముగ్గురు మధ్యవర్తుల ఏర్పాటు చేసింది. అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీ బలం లేదు, ఇరుపక్షాల మనసు ఒప్పితేనే అది నిలుస్తుంది. దీన్ని లోపం అనేవారు ఉన్నారు. నాకు మాత్రం మేనమామ వచ్చేదాకా ఆగిన తాతగారే గుర్తుకొస్తారు.

అందుకే అడుగుతున్నాను. సభ్యత్వం రద్దు చేసే ముందు ఇరుపక్షాలవాళ్ళూ, వాళ్ళు కోరుకున్న మనుషులతో సహా, ఒక్క పూట ఎదురెదురుగా కూర్చోవాలని మన నియమావళిలో ఒక నిబంధన చేర్చండి. పెద్దలను ఇరుపక్షాలూ కలిసి ఎంచుకోవాలి, వారిలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, రానని చెప్పే హక్కు ప్రతి ఒక్కరికీ ఉండాలి. అక్కడ మాట్లాడినది వాట్సాప్ గ్రూపుకు ఎక్కకూడదు.

ఆ మొదటి కూడికను మా తప్పుతోనే మొదలుపెడదాం. మన మాజీ కోశాధికారి డిసెంబరు నెలాఖరులో తల్లి దగ్గరికి హైదరాబాదు వస్తున్నారని తెలిసింది. వాళ్ళింటికి వస్తానని నేను ఫోను చేస్తే, తన తల్లిని అడిగి చెబుతానన్నారు. నేను మాత్రం 22న దిగుతున్నాను. శాలువాల జాబితాలోంచి ఆవిడ పేరు కొట్టేయడం చూసి కూడా నోరు విప్పనందుకు ఆవిడకు ఆవిడ ఇంట్లోనే, మా అమ్మ ఎదుట, క్షమాపణ చెప్పుకోవలసి ఉంది. నాతోపాటు చేయెత్తిన మిగతా ఆరుగురిలో నలుగురు ఏటా ఆ నెలలో హైదరాబాదులోనే ఉంటారు. దయచేసి మీ ప్రయాణపు తేదీలు నాకు తెలియజేయండి.