ఆ దీపాల బారు శత్రు డ్రోన్లది కాదు

"రాత్రి ఏడున్నరకు ఆకాశంలో దీపాలు బారులు తీరి వెళ్లాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకేసారి చూశారు. చప్పుడు లేదు, ఉన్నట్టుండి ఆరిపోయాయి, ఫ్లైట్ యాప్‌లోనూ లేవు. శత్రుదేశపు డ్రోన్లే, అందరికీ పంపండి." ఇలాంటి మెసేజ్ వీడియోతో సహా వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ తిరుగుతోంది. వీడియో నిజమైనదే కావచ్చు, దాని కింద రాసిన మాట మాత్రం తప్పు.

ముందు ఆ బారు సంగతి. అవి స్పేస్‌ఎక్స్ సంస్థ వాళ్ల స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు. 2019 మేలో తొలి విడతగా 60 ఉపగ్రహాలను ఒకే రాకెట్‌లో పంపారు. అన్నిటినీ ఒకేచోట వదులుతారు కాబట్టి మొదటి కొద్దిరోజులు ఒకదాని వెనుక ఒకటి వెళ్తాయి. తర్వాత పైకక్ష్యకు చేరే క్రమంలో దూరం దూరంగా జరిగిపోతాయి.

"రెండు రాష్ట్రాల్లో ఒకేసారి" అన్న ముక్క ఒక్కటి చాలు, డ్రోన్ల వాదన నిలవదు. మన డ్రోన్ నిబంధనల్లో గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో, ఎత్తు పరిమితి 400 అడుగులు, అంటే సుమారు 120 మీటర్లు. అంత ఎత్తున ఎగిరే దీపం 40 కిలోమీటర్లు దాటితే నేల వంపు చాటుకు పోతుంది. కర్నూలుకూ కరీంనగర్‌కూ మధ్య దూరం సుమారు 300 కిలోమీటర్లు. ఒకే వస్తువు రెండు ఊళ్లలోనూ తలెత్తితే కనిపించాలంటే అది వందల కిలోమీటర్ల ఎత్తున ఉండాలి.

ఆరిపోవడం మాటేమిటి? ఉపగ్రహానికి దీపం ఉండదు. మనకు చీకటి పడ్డాక కూడా అంత ఎత్తున ఎండ ఉంటుంది, మనం చూసేది దాని మీద పడి తిరిగొచ్చే ఆ ఎండనే. భూమి నీడలోకి వెళ్లగానే కనబడదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని సాయంత్రం పూట గమనించండి: తూర్పుకు వెళ్తూ కాస్త ఎర్రబారి, కొన్ని సెకన్లలో మాయమవుతుంది. తెల్లవారుజామున ఈ క్రమం తిరగబడుతుంది, నీడలోంచి బయటపడి ఉన్నట్టుండి వెలుగుతుంది.

చప్పుడు ఎందుకు లేదంటే, అక్కడ దాన్ని మోసుకొచ్చేంత గాలి లేదు. పది కిలోమీటర్ల ఎత్తున వెళ్లే విమానం మోతకే మన దాకా రావడానికి అర నిమిషం పడుతుంది. విమానం గుర్తు వేరు: ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ, మధ్యమధ్య మెరిసే తెల్లదీపం. ఉపగ్రహం మిణుకుమిణుకుమనకుండా ఒకే వెలుగుతో సాగుతుంది.

ఫ్లైట్ యాప్ విమానాలు పంపే సిగ్నళ్లనే చూపిస్తుంది. ఉపగ్రహాలు అందులో ఎలా వస్తాయి? వాటికి హెవెన్స్ అబవ్ అనే సైటు ఉంది. మీ ఊరు పెడితే ఏది ఎన్ని గంటలకు, ఏ దిక్కున కనిపిస్తుందో ముందే చెబుతుంది.

ఈ మెసేజ్ నమ్మి పొలానికి రాత్రి కాపలా వెళ్లేవాళ్లు భయపడుతున్నారు, ఊళ్లో కొత్త మొహం కనిపిస్తే అనుమానిస్తున్నారు. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వచ్చింది. మీ గ్రూపులో ఆ వీడియో వస్తే, తీసిన తేదీ, సమయం, ఊరు అడగండి. ఆ మూడూ తెలిస్తే అవి ఏ ఉపగ్రహాలో వెతికి పట్టుకోవచ్చు.