క్యాంపు అయిపోయాక ఏమైంది?

అమెరికాలోని మన తెలుగు సంఘాల హెల్త్ క్యాంపు వార్త ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఇంతమంది వచ్చారు, ఇంతమందికి బీపీ, షుగర్ చూశారు, దాతలకు శాలువాలు కప్పారు. షుగర్ ఎక్కువని తేలినవాళ్లు ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లారా అన్న ఊసు మాత్రం ఉండదు. ఈ విషయంలో మెక్సికో నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ల అనుభవం మనకు పనికొస్తుంది.

అమెరికాలోని మెక్సికన్ కాన్సులేట్లలో ‘వెంతానియా దె సలూద్’ పేరుతో ఒక ఆరోగ్య కేంద్రం నడుస్తుంది. 2003లో కాలిఫోర్నియాలో మొదలై, ఇప్పుడు దాదాపు అన్ని కాన్సులేట్లకూ పాకింది. పాస్‌పోర్ట్ పని మీద వచ్చి వంతు కోసం కూర్చున్నవాళ్లకు అక్కడే వేలి మీద గుచ్చి షుగర్ చూస్తారు, చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు. ఇన్సూరెన్స్ లేకపోయినా చూసే క్లినిక్ ఎక్కడుందో స్పానిష్‌లో చెప్పి పంపుతారు. వీసా కాగితాలు లేనివాళ్లు కూడా వేరే ఆఫీసులకంటే ధైర్యంగా వచ్చే చోటు కదా! ఆ చోటు ఎంచుకున్న తెలివికి నేను ఫిదా. కానీ లెక్కల దగ్గరికొస్తే దానికీ మన జబ్బే. ఎంతమందిని పంపారో రాసుకోవడం తేలిక, వాళ్లు క్లినిక్ గడప తొక్కారో లేదో కనుక్కోవడం కష్టం. పని ఎక్కడుంటే అక్కడికి ఇళ్లు మారిపోతారు, ఫోన్ నంబర్లూ మారిపోతాయి.

ఆ కష్టం పడినవాళ్లు టెక్సాస్‌లో, రియో గ్రాండే నది ఒడ్డున ఉన్న స్టార్ కౌంటీలో కనిపిస్తారు. బీద ప్రాంతం, దాదాపు అందరూ మెక్సికన్ మూలాలవాళ్లే. అక్కడ టైప్ 2 షుగర్ ఉన్న 256 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏడాదిలో 52 గంటల తరగతులు పెట్టారు. చెప్పేది ఆ మనుషుల్లోంచి వచ్చిన నర్సులు, డైటీషియన్లే. ఇంట్లోవాళ్లనో, స్నేహితులనో ఒకరిని వెంట రమ్మన్నారు. రెండో జట్టును ఏడాది ఆగమన్నారు. 2002లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు నెలలకు మొదటి జట్టు హెచ్‌బీఏ1సీ సగటు, అదే మనం మూడు నెలల షుగర్ అంటామే అది, రెండో జట్టుకంటే 1.4 తక్కువ. అయినా ఆ సగటు ఇంకా 10 పైనే ఉందని, అంటే బాగా ఎక్కువేనని కూడా రాశారు! మనమైతే ఆ రెండో ముక్క మింగేసి, మొదటిదాన్ని బ్యానర్ మీద వేసేవాళ్లం.

మనవాళ్లకు చదువుంది, ఇన్సూరెన్స్ ఉంది, మనకెందుకీ గొడవ అంటారా? విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల సంగతేంటి? పైగా మనకు సన్నగా ఉన్నా షుగర్ వస్తుంది. అందుకే ఆసియా మూలాలవాళ్లకు బీఎంఐ, అదే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే అంకె, 25 దాకా ఆగకుండా 23 నుంచే షుగర్ పరీక్ష ఆలోచించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది.

వచ్చే క్యాంపులో, ఒప్పుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకుందాం. మూడు నెలలయ్యాక ఫోన్ చేసి, డాక్టర్‌ని కలిశారా, మందులు వాడుతున్నారా అని అడుగుదాం. ఏడాదికి మళ్లీ పరీక్ష చేయించి, వచ్చిన అంకె ఎంత చేదుగా ఉన్నా ఈ పత్రికలోనే వేద్దాం. వాలంటీర్లు చాలకపోతే తక్కువమందినే పిలుద్దాం. వందమందికి గుచ్చి వదిలేసే క్యాంపుకంటే, నలభైమంది వెంట ఏడాదంతా పడే క్యాంపుకే నేను చందా రాస్తాను.