ముందు సెల్ఫీ, వినతిపత్రం తర్వాతంట!

ఏందబ్బా ఈ చోద్యం! "చట్టాల తయారీలో యువత పాత్ర" అని ఫ్లెక్సీ కట్టి నెల్లూరులో ఇవాళ ఒక సభ పెట్టారు. డిగ్రీ రెండో సంవత్సరం చదివే మా మేనకోడలు ఆ పేరు నిజమే అనుకొని, రెండు పేజీల కాగితం రాసుకొని మరీ పోయింది. కౌలు రైతుల గురించి. 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో భూమి యజమాని సంతకం పెడితేనే కౌలు కార్డు అన్నారు కదా, ఆ నిబంధన తీసేయమని అసెంబ్లీలో అడగండి సార్ అని. అడిగిన వెంటనే ఆ సంతకం పెట్టే ఆసామి ఎవరైనా ఉంటే చూపించండి, కాళ్ళకు మొక్కుతా. సంతకం పెడితే పొలం ఎక్కడ పోతుందో అని ఆయన భయం. కార్డు లేనోడికి బ్యాంకులో అప్పు పుట్టదు. వాన ముంచితే పరిహారం గట్టు కూడా తొక్కని ఆయన ఖాతాలో పడుతుంది. మా బావ ఇందుకూరుపేట వైపు చేసేది కౌలు సేద్యమే, పిల్లకు ఆ మంట ఉండదా?

స్టేజీ దగ్గర ఏమన్నారో తెలుసా? "ముందు సెల్ఫీ దిగమ్మా, వినతిపత్రాలు తర్వాత." తర్వాత అంటే, ఎమ్మెల్యే పీఏ గారు ఆ కాగితం అందుకొని, పొడుగ్గా మడిచి, సభ అయ్యేదాకా మొహానికి విసురుకుంటూ కూర్చున్నారు. ఏసీ సరిగా పన్జేయలేదంట, పాపం. పోన్లెండి, చట్టసభలకు యువత గాలి అయినా సోకింది.

పిలకాయలతో వీళ్ళకేం పని? బైక్ ర్యాలీ, పెట్రోలు టోకెను, ఫ్లెక్సీ అడుగున పాస్‌పోర్టు సైజు మొహం. (ఫ్లెక్సీల సంగతి ఇంకో రోజు రాస్తా. ట్రంకు రోడ్డులో షాపు బోర్డు కనపడితే ఒట్టు.) ఓటుకు 18 ఏళ్ళు చాలు. అసెంబ్లీలో కూర్చోవాలంటే 25, శాసన మండలికి 30. ఈలోపల ఏం చేయాలి, ఈలలు వేయాలా?

చేయడానికి బోలెడుంది. ఆ వేదిక మీద ఒక్కరి నోట్లోంచీ రాలేదు, అంతే. అసెంబ్లీకి పిటిషన్ల కమిటీ అని ఒకటి ఏడ్చింది. ఎమ్మెల్యే వెంటపడి ప్రశ్న వేయించొచ్చు. కేంద్రం తెచ్చే బిల్లుల ముసాయిదాలు కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని 2014లో వాళ్ళే విధానం రాసుకున్నారు. పెట్టారా అని అడిగే నాథుడు లేడు. మనోళ్ళకు ఐపీఎల్ టీముల లిస్టు మాత్రం కంఠతా వచ్చు.

అన్నిటికన్నా కడుపు మండింది ఇదీ: నెల్లూరు గడ్డ మీద నిలబడి గంటల కొద్దీ మాట్లాడి, సారా ఉద్యమం పుట్టిన మన దూబగుంట ఊరి పేరెత్తలేదు! రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడోళ్ళు సారా అంగళ్ళు మూయించారు, జిల్లాలో వేలం పాటలు ఆపించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా బంద్. 1995లో సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్ళకే దాన్ని ఎత్తేసిన పెద్దల గురించి నన్ను కదిలించకండి. ఆ ఆడోళ్ళను ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ గారు ఎవరితో సెల్ఫీ దిగి సాధించిందయ్యా అదంతా?

అసలు నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు కలిపి మనకు పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానం ఉంది. డిగ్రీ అయి మూడేళ్ళు నిండితే ఓటు. కానీ ప్రతి ఎన్నికకూ కొత్తగా నమోదు కావాలి. ఈ ముక్క పిలకాయలకు ఎవరూ చెప్పరు, ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలకు మాత్రం బాగా తెలుసు. నేను పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో ఈ ఓటు నమోదుకు నింపే ఫారం 18లు కట్టలు కట్టలు స్టాఫ్ రూములో పడేసి, "సాయంత్రానికి నింపి ఇవ్వండి, లేకపోతే జీతం లేటవుద్ది" అన్నారు. ఎవరికి వేయాలో కూడా వాట్సాప్‌లో వచ్చింది, మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యంతో సహా! మళ్ళీ పోస్టర్ల మీద "మేధావుల గొంతుక" అంట.

ఈసారి ఫారం పట్టుకొని మా గుమ్మం ఎక్కిన వాళ్ళెవరినైనా సరే, కూర్చోబెట్టి కాఫీ ఇస్తా. పోయిన ఆరేళ్ళలో మండలిలో ఏమేం అడిగారో చెప్పాకే తాగమంటా.