ప్లగ్ తెల్లగా వస్తే సంబరపడకండి

'డ్రాగ్ రేస్‌కి ఆర్‌ఎక్స్ 100 సెట్ చేసే సీక్రెట్' అన్న మెసేజ్ ఈ నెలలో నాకు ఐదుగురు పంపారు. ఆర్‌ఎక్స్ 100 అంటే యమహా వాళ్ల పాత టూ స్ట్రోక్ బండి, డ్రాగ్ రేస్ అంటే 402 మీటర్లు తిన్నగా దూసుకెళ్లే పందెం. నిన్న మా తమ్ముడు కూడా పంపి, "అన్నా, ఇలాగే చేయించనా?" అని అడిగాడు. అందుకే రాస్తున్నాను. అందులో ఉన్న మాటలివి: 20 మిల్లీమీటర్ల కార్బురేటర్ (గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపేది) తీసేసి 30 వేస్తే పవర్ రెట్టింపు అవుతుంది. ఎయిర్ ఫిల్టర్ పీకేయాలి. మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) రెండు సైజులు తగ్గించాలి, స్పార్క్ ప్లగ్ తెల్లగా వస్తే సెట్టింగ్ కుదిరినట్టే. సైజు మీద అనుమానముంటే అమెరికన్ ఫార్ములాతో లెక్క కట్టుకోండి. ఒకసారి కుదిరిందంటే ఏ ఊళ్లోనైనా అదే సెట్టింగ్.

ఫిల్టర్ పీకితే గాలి పెరుగుతుంది, నిజమే. ఆ గాలికి తగ్గ పెట్రోల్ అందాలంటే జెట్ పెంచాలి. ఆ వెంటనే జెట్ తగ్గించమంటున్నారు. రాసినాయన తను రాసింది ఇంకోసారి చదువుకోలేదు.

ఫార్ములా గురించి. ఇంజిన్ క్యూబిక్ అంగుళాలను ఆర్‌పీఎంతో గుణించి 3456తో భాగిస్తే సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి ఇంజిన్ పీల్చే గాలి ఘనపుటడుగుల్లో, వస్తుంది. అది ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ లెక్క. 1728 క్యూబిక్ అంగుళాలు ఒక ఘనపుటడుగు. ఫోర్ స్ట్రోక్ రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది కాబట్టి దాన్ని రెట్టించి 3456 చేశారు. మన టూ స్ట్రోక్ ప్రతి చుట్టుకీ పీలుస్తుంది. అంటే మొదటి మెట్టులోనే లెక్క సగానికి సగం తప్పింది. పైగా అది ఎనిమిది సిలిండర్లకు ఒకే కార్బురేటర్ ఉండే వీ8 కారు ఇంజిన్ల కోసం పుట్టింది. ఒక్క సిలిండర్ బండిలో గాలి కుదుపులు కుదుపులుగా వెళ్తుంది, దానికి ఆ లెక్క అతకదు. ఆ వీ8ల వాళ్లు కూడా డ్రాగ్‌కి ఫార్ములా చెప్పినదానికన్నా పెద్దదే వేస్తారు. 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌కి 7000 ఆర్‌పీఎం దగ్గర వచ్చే లెక్క సుమారు 710. అయినా 750, 850 సీఎఫ్‌ఎం కార్బురేటర్లు బిగించేవాళ్లు ఎందరో.

ఇక అసలు విషం జెట్‌లో ఉంది. దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే.

జెట్ తగ్గించుకుంటూ పోతే ఒక హద్దు దాకా బండి నిజంగానే చురుగ్గా అవుతుంది. ఈ మాట నేను దాచను. శబ్దం పదునెక్కుతుంది, ఆర్‌పీఎం గబగబా ఎక్కుతుంది, రెండు రన్‌లలో టైమ్ కూడా తగ్గుతుంది. ఈ మెసేజ్ ఇంతమంది నమ్మడానికి కారణం అదే. కానీ ఆ హద్దు దాటిన మరుక్షణమే పిస్టన్ పోతుంది. ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి తోలే బండికి జెట్ తగ్గించారంటే పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా తగ్గించినట్టే. ఒకవైపు వేడి పెరుగుతుంది, ఇంకోవైపు ఆయిల్ తగ్గుతుంది. డిటొనేషన్ (మిశ్రమం మంటలా కాలకుండా ఒక్కసారిగా పేలడం) మొదలైతే పిస్టన్ నెత్తిన చిల్లు పడుతుంది, లేదంటే పిస్టన్ ఉబ్బి బోర్‌లో పట్టేస్తుంది. 402 మీటర్ల చివర, బండి గంటకు 100 కిలోమీటర్లు దాటి ఉన్నప్పుడు వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. క్లచ్ మీద వేళ్లు లేకపోతే మనిషి రోడ్డు మీదే.

మా షెడ్‌కి పోయినేడు ఒక కుర్రాడు బండి తోసుకుంటూ వచ్చాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేదు. ఫినిష్ దాటి యాక్సిలరేటర్ వదిలాడట, అప్పుడు పట్టేసింది. మామూలుగా జరిగేది అదే: ఇంజిన్ పూర్తి స్పీడ్‌లో తిరుగుతుంటే థ్రాటిల్ మూసేస్తాం, లోపలికి వెళ్లే ఆ కాస్త ఆయిల్ కూడా ఆగిపోతుంది. ప్లగ్ విప్పి చూశాను. సున్నంలా తెల్లగా ఉంది, అంటే పెట్రోల్ చాలక విపరీతంగా వేడెక్కిందన్నమాట. ఈ మెసేజ్ 'కుదిరింది' అంటున్న రంగు అది. దీన్ని పంపేవాళ్లు ఆ చెయ్యి చూసుంటే బాగుండేది.

ప్లగ్ చదవాలంటే ఫుల్ థ్రాటిల్‌లో ఉండగానే క్లచ్ నొక్కి ఇంజిన్ కట్ చేయాలి. నెమ్మదిగా ఇంటికొచ్చి విప్పి చూస్తే కనిపించేది ఇంటికొచ్చిన దారి రంగే. పింగాణీ మొదట్లో లేత గోధుమ రంగు వలయం ఉందా లేదా అన్నది చూడాలి.

'ఏ ఊళ్లోనైనా అదే సెట్టింగ్' అన్నది కూడా ప్రాణం మీదకి తెచ్చే మాటే. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. అక్కడ హద్దు దాకా లీన్ చేసిన (గాలికి తగ్గ పెట్రోల్ తగ్గించిన) బండిని చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్తే గాలి సుమారు 5 శాతం చిక్కనవుతుంది. జెట్ మాత్రం అదే. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మొదటి రన్ పడితే ఇంకా లీన్. మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెద్దది వేసి మొదలుపెట్టాల్సింది అక్కడే.

30 మిల్లీమీటర్ల సంగతికొస్తే, పెద్దది వేయమనడంలో నిజముంది. డ్రాగ్‌లో బండి కింది ఆర్‌పీఎంలో ఉండేది గేరు పడే ఆ కాస్తసేపే, మిగతాదంతా ఫుల్ థ్రాటిల్. ట్రాఫిక్‌లో సతాయించే కార్బురేటర్ ట్రాక్ మీద బాగుండవచ్చు. కానీ 20 నుంచి 30కి వెళ్తే దారి రెండుంపావు రెట్లవుతుంది, 98 సీసీ ఇంజిన్ పీల్చేది మాత్రం రెండుంపావు రెట్లు కాదు. పోర్టులు (సిలిండర్‌లో గాలి, పొగ వెళ్లే దారులు), రీడ్ (పీల్చిన గాలి వెనక్కి రాకుండా ఆపే రేకు), సైలెన్సర్ మారకుండా అంత పెద్దది పెడితే జెట్ దగ్గర గాలి వేగం చచ్చి, స్టార్ట్ లైన్ దగ్గరే బండి ముక్కుతుంది. పోర్టింగ్ (ఆ దారులు సరిచేయడం), ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ (రేసు సైలెన్సర్) అయిపోయిన బండికి నేనైతే 24తో మొదలుపెట్టి, ఫినిష్ దగ్గర స్పీడ్ పెరుగుతోందా లేదా చూసి 26, 28 ప్రయత్నిస్తాను.

తమ్ముడూ, ఆ సన్న జెట్ కొనకు. నీకున్న వాటిల్లో అన్నిటికన్నా పెద్ద మెయిన్ జెట్ వేసుకుని ఆదివారం షెడ్‌కి రా. బండి గొంతు పట్టినట్టు గురగురలాడాలి మొదట. అక్కడి నుంచి ఒక్కో సైజు దిగుతూ, ప్రతిసారీ ప్లగ్ విప్పి చూద్దాం.