ఓటీపీకి గోత్రం ఉంటుందా?

మా బ్యాంకుకు నా మీద ఉన్నంత శ్రద్ధ కన్నతల్లికి కూడా లేదు. పళ్లు తోముకోకముందే ‘మీ ఓటీపీని ఎవరికీ చెప్పవద్దు’ అని సందేశం పంపుతుంది, భోజనాల వేళ మరొకటి పంపుతుంది, సంక్రాంతికి శుభాకాంక్షలతో కలిపి ఇంకొకటి పంపుతుంది. ఆన్‌లైన్‌లో కొనేవాడు ఏ పద్ధతిలో డబ్బు కడితే క్షేమమో చెప్పమంటే వారి వద్ద ఉన్న శాస్త్రమంతా ఈ ఒక్క వాక్యమే. దానిని అక్షరాలా పాటించిన మహానుభావుడు మా ఇంట్లోనే ఉన్నారని మనవి చేసుకుంటున్నాను.

ఆయన మా మామగారు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. పోయిన మే నెలలో విజయవాడలోని మా అపార్ట్‌మెంటుకు, నేను ముందే డబ్బు కట్టిన ఇనుప దోసె పెనం వచ్చింది. ఇంట్లో వదిలి వెళ్లిన నా ఫోన్‌తో మామగారు గేటు దగ్గరికి దిగారు. పార్సిల్ తెచ్చిన కుర్రవాడు ఓటీపీ చెప్పమన్నాడు. ఎవరికీ చెప్పకూడదని ఆయన జవాబిచ్చారు. అది బ్యాంకు ఓటీపీ అనీ, ఇది పార్సిల్ ఓటీపీ అనీ కుర్రవాడు వివరించబోతే, ‘ఓటీపీకి గోత్రం కూడా ఉంటుందా నాయనా?’ అని ఆయన నిలదీశారు. ఇంకా నలభై పార్సిళ్లు ఉన్నాయని వాడు చేతులు జోడించాడు. ‘ఎవరికీ’ అన్న పదంలో నువ్వు లేవని ఏ వ్యాకరణం చెప్పిందని ఈయన అడిగారు. అరగంట ఎండలో ఈ శాస్త్రచర్చ సాగిన తరువాత, వాచ్‌మన్ మధ్యవర్తిత్వంతో ఒక రాజీ కుదిరింది: అంకెలను నోటితో చెప్పకుండా కాగితం మీద రాసి, మడిచి ఇస్తారు. ఆ కాగితాన్ని వాచ్‌మన్ విప్పి, వీధి చివరి ఇస్త్రీ బండివాడికి కూడా వినపడేంత గట్టిగా చదివాడు.

ఇకపై సరుకు చేతికొచ్చాకే నగదు ఇవ్వాలని ఆ సాయంత్రమే మామగారు శాసించారు. ఆ పద్ధతికి కొన్ని యాప్‌లు అదనపు రుసుము వేస్తాయి, చాలాచోట్ల డబ్బు చేతిలో పడితే గానీ పెట్టె విప్పనివ్వరు, లోపల బట్టల సబ్బు కనిపించేసరికి బండి మలుపు తిరిగిపోయి ఉంటుంది. నా మటుకు నేను క్రెడిట్ కార్డునే నమ్ముతాను. సరుకు రాకపోతే బిల్లు మీద అభ్యంతరం చెప్పి కొట్లాడవచ్చు. డెబిట్ కార్డయితే ముందు మన డబ్బు పోయి, తరువాత కొట్లాట మొదలవుతుంది. పైగా 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాలు మన కార్డు నంబరును దాచుకోవడానికి వీల్లేదు, దాని బదులు టోకెన్ అనే మారు సంకేతం మాత్రమే ఉంచుకోవాలి. యూపీఐ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికే, తీసుకోవడానికి కాదు.

ఈ ఒక్క ముక్కనైనా బ్యాంకు పండుగ సందేశాల్లో ఎన్నడూ చూడలేదు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం గురించి అసలే చూడలేదు. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వేరెక్కడో ఉండి, సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారు పైసా కూడా భరించనక్కరలేదని అది చెప్పింది. తప్పు ఖాతాదారుదే అయినా, ఫిర్యాదు చేసిన తరువాత పోయిన డబ్బు బ్యాంకే భరించాలని కూడా చెప్పింది.

మా పై అంతస్తులో ఉండే రిటైర్డు టీచరమ్మ, చీర వాపసు డబ్బు కోసం ఇంటర్నెట్‌లో దొరికిన నకిలీ కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసి, వాడు చెప్పిన యాప్ వేసుకున్నారు. 18 వేలు పోయాయన్న సందేశం చూసిన మరుక్షణం బ్యాంకుకు ఫోన్ చేశారు. ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం’ అన్న రికార్డు నలభై నిమిషాలు పాడింది. ముందుగా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని ఆవిడకు చెప్పిన నాథుడు లేడు. ఆ పాట వింటూ ఉండగానే మరో 30 వేలు పోయాయి. ఫిర్యాదు తీసుకోవలసిన వాడు ఫోన్ ఎత్తకుండా కూర్చుని, ఫిర్యాదు నమోదు కాకముందే డబ్బు పోయింది కనుక అంతా మీ నిర్లక్ష్యమేనని ఉత్తరం రాస్తే, దాన్ని నిబంధన అనరు, దగా అంటారు. తలుపు మూసింది వాళ్లు, ఆలస్యంగా వచ్చావని నింద ఆవిడకు! నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని, ఏడవడానికి కూడా సిగ్గుపడి నిలబడ్డారు.

ఆ ఉత్తరాన్ని నేనూ చదివాను. సంతకం ఉండవలసిన చోట సంతకం లేదు. ‘మీ ఓటీపీని ఎవరికీ చెప్పవద్దు’ అని ఉంది.