ట్యాప్ గారికి, ఎడమచేత్తో

గౌరవనీయులైన ట్యాప్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నా కుడి మోచేయి తప్ప ఇంటిల్లిపాదీ క్షేమం. మీరూ క్షేమంగానే ఉంటారు, మీకేం! పేరు చూసి మా ఆవిడ కుళాయి అనుకుంది. నీళ్ళు రావట్లేదని ఇన్నాళ్ళకి ఫిర్యాదు రాస్తున్నానని సంబరపడింది. కాదని చెప్పాల్సొచ్చింది. మ్యాట్ మీద ఇద్దరు పెనుగులాడుతుంటే, పట్టులో చిక్కినవాడు ఓడిపోయాను వదిలెయ్యమని ఎదుటివాడి ఒంటిమీదో నేలమీదో టపటపా తడతాడే, ఆ ట్యాప్ గారు మీరు.

అసలు సంగతికొస్తాను. ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ టీవీలో గుద్దులూ పట్లూ అన్నీ కలిసిన యూఎఫ్‌సీ పోటీలు చూసీ చూసీ, నలభై మూడో ఏట పట్లతో ఎదుటివాణ్ణి లొంగదీసే జియు-జిట్సు క్లాసులో చేరాను. మూడో వారం ఒక ఇంటర్ కుర్రాడితో కలిపారు. ఇంట్లో అన్నం సరిగ్గా పెడతారో లేదో అనిపించే ఒళ్ళు. ఎలా జరిగిందో తెలీదు, చూసుకునేసరికి నేను వెల్లకిలా ఉన్నాను. వాడి కాళ్ళు రెండూ నా ఛాతీకీ మెడకీ అడ్డంగా, నా మణికట్టు వాడి గుండెకి ఆనించి, నా బొటనవేలు పైకప్పు వైపు. వాడు నడుము కాస్త పైకెత్తాడు, అంతే. తలుపు బందుని తిరగని వైపుకి తిప్పితే దానికెలా ఉంటుందో నా మోచేతికి తెలిసింది. "అంకుల్, ట్యాప్ చేసేయండి" అన్నాడు. రెండోసారీ అన్నాడు. మూడోసారి బతిమాలాడు. మా ఇంటా వంటా లేని పని ఎలా చేస్తానండీ? కింద పడ్డా పైచేయి నాదే అనే వంశం మాది. టక్కుమంది. నాకన్నా ముందు వాడే ఏడ్చాడు.

అందుకే మీమీద కోపం. మన కుస్తీలో ఈ గొడవ లేదు. వీపు నేలకి తగిలితే చిత్తు. ఆ మాట పక్కవాడంటాడు. మనం కాదనొచ్చు, తీర్పు చెప్పినవాడికి కళ్ళు లేవనొచ్చు, ఏడాది పొడుగునా టీకొట్టు దగ్గర ఆ కుస్తీని రోజుకోసారి గెలవొచ్చు. మీ దగ్గర ఆ సౌకర్యమేదీ? ఓడిపోయానని ఓడినవాడి చేత్తోనే చెప్పిస్తారు. పోనీ చెయ్యి ఖాళీ లేకపోతే? నోటితో చెప్పినా, నొప్పికి కేక పెట్టినా మీ ఖాతాలోనే రాసేస్తారట!

మా సామెతనీ మీవాళ్ళే పాడుచేశారు. 2010 ఆగస్టులో ఓక్లాండ్‌లో చేల్ సోనెన్ నాలుగు రౌండ్లకి పైగా ఆండర్సన్ సిల్వా మీద కూర్చుని కుమ్మాడు. చివరి రౌండు, ఇంకా రెండు నిమిషాలు కూడా లేవు. కిందున్న సిల్వా కాళ్ళతో మెడనీ చేతినీ కలిపి బిగించాడు. పైనున్నవాడు మిమ్మల్ని పిలిచాడు! కింద పడ్డవాడిది నిజంగానే పైచేయి అయితే ఇక మేం అబద్ధం ఆడటానికి ఏం మిగిలింది?

1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన మొట్టమొదటి యూఎఫ్‌సీ నాటి నుంచీ మీ వరస ఇంతే. రాయిస్ గ్రేసీ అనే బక్కపల్చటి బ్రెజిల్ మనిషి ఒక్క రాత్రిలో ముగ్గురిచేత మిమ్మల్ని పిలిపించాడు. వాళ్ళలో ఒక చేతికే గ్లవ్ తొడుక్కొచ్చిన బాక్సర్ ఆర్ట్ జిమ్మర్సన్ అయితే పట్టు బిగియకముందే మీకు కబురు పెట్టాడు. కెన్ షామ్రాక్ సంగతి మరీ ఘోరం. ట్యాప్ చేశాడు, రెఫరీ చూడలేదు. దర్జాగా కొనసాగించొచ్చు కదా? చేశానని ఒప్పేసుకున్నాడు. ఎవరూ చూడని ఓటమిని ఒప్పుకునేవాడు మా కాలనీలో ఒక్కడుంటే అసోసియేషన్ ఎన్నికల గొడవ ఈపాటికి తెమిలిపోయేది.

నా మనిషంటే మాట్ లిండ్లాండ్. 2002 మేలో యూఎఫ్‌సీ 37లో మురీలో బుస్తమాంటే నా మోచేతిని టక్కుమనిపించిన పట్టే, అంటే ఆర్మ్‌బార్ పడితే ట్యాప్ చేశాడు. రెఫరీ జాన్ మెకార్తీ ఆపేశాడు. లేచి, నేను చెయ్యలేదన్నాడు! పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. గెలిచినవాడు నోరు వెళ్ళబెట్టి చూస్తుండగా పోటీ మళ్ళీ మొదలుపెట్టారు. ఆ కథ అక్కడితో ఆగితే మీకు గుడి కట్టించేవాణ్ణి. మూడో రౌండులో బుస్తమాంటే ఈసారి మెడ పట్టాడు, మళ్ళీ మీరే దిక్కయ్యారు. ఒకే మనిషికి ఒకే రాత్రి రెండుసార్లు ఓడటం ఎంతమందికి దక్కుతుంది?

టిమ్ సిల్వియా నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. 2004లో ఫ్రాంక్ మీర్ ఆర్మ్‌బార్‌లో ముంజేతి ఎముక విరిగితే రెఫరీ హెర్బ్ డీన్ ఆపాడు. సిల్వియా ఆయన మీద మండిపడ్డాడు, నా చెయ్యి బాగానే ఉందని. రీప్లేలో ఎముక వంగింది హాలంతా చూసింది. అదే మీర్ 2011లో నొగేరా పైచేయిని, చేతిని వెనక్కి మెలితిప్పే కిమురా పట్టుతో విరిచాడు. ఆ పట్టుకి పేరిచ్చిన జపాన్ జూడో వీరుడు కిమురా 1951లో రియోలో రాయిస్ తండ్రి ఎలియో గ్రేసీ మీద దాన్ని వేశాడు. ఎలియో మిమ్మల్ని పిలవలేదు, ఆయన తరఫువాళ్ళు ఆపించారు. పట్టుకి మాత్రం గెలిచినవాడి పేరే మిగిలింది. చేయి ఇచ్చినవాడి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. నేనూ ఆ జాబితాలో ఉన్నాను కాబట్టి అడుగుతున్నా.

మీ సర్వీసులోనూ లోపాలున్నాయి. 2020లో అబుదాబీలో ఖబీబ్ కాళ్ళతో మెడ బిగిస్తే జస్టిన్ గేచీ మిమ్మల్ని పద్ధతిగానే పిలిచాడు. రెఫరీ చూసేసరికి మనిషి నిద్రలోకి జారుకున్నాడు. మెడకి రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు మూసుకుపోతే పట్టేది కొన్ని సెకన్లేనట. ఆ తొందర తెలిసీ, పిలిచిన వెంటనే రాకపోతే ఎలాగండీ?

నిన్న ఫిజియో దగ్గరికెళ్ళాను. "నొప్పి వస్తే చెప్పండి" అంటూ మోచేయి వంచడం మొదలుపెట్టాడు. నాకేం నొప్పి అన్నాను. ఇంకాస్త వంచాడు. నా ఎడమ చెయ్యి నన్నడక్కుండానే బల్లమీద మూడుసార్లు టపటపా తట్టింది. పాపం ఆయన యూఎఫ్‌సీ చూడడు, వంచుతూనే ఉన్నాడు. ఆఖరికి "అమ్మా!" అన్నాను. దాన్నీ మీ ఖాతాలోనే రాసేసుకోకండి, అలవాటుగా అన్నాను.

ఇట్లు,
కుడిచేతి సంతకం కుదరని
మీ బాధితుడు