సాయం వచ్చేలోపు మూడు రోజులు

వానాకాలంలో గోదావరి లంకల జనం రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది: భద్రాచలంలో ఎంతుంది? 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకె చెవిన పడగానే పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో, బస్తాలు ఎప్పుడు అటక మీదికి చేర్చాలో లంక రైతుకు తెలిసిపోతుంది. 2022 జులైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. నష్టం భారీగానే జరిగింది. అయినా పైనుంచి వరద వస్తోందన్న కబురు దిగువ ఊళ్లకు ముందే అందింది.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం నాడు విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో అలాంటి అంకె ఎవరి దగ్గరా లేదు. ముందు రోజు కుండపోత వాన పడింది. బుడమేరు వాగు నీటిని మళ్లించే డైవర్షన్ ఛానల్ ఎడమ గట్టుకు గండ్లు పడి నీరు పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట వైపు మళ్లింది. చూస్తుండగానే గ్రౌండ్ ఫ్లోర్లు మునిగాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డుకెక్కింది. కానీ నగరాన్ని ముంచింది మాత్రం మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని బుడమేరు. అదే ఆదివారం ఖమ్మంలో మున్నేరు నది కాలనీల మీదికి వచ్చిపడింది.

ప్రాణభయంతో పై అంతస్తులకు చేరినవాళ్లకు అక్కడ ఇంకో కష్టం ఎదురైంది. మోటార్లు నీట మునిగి ఓవర్‌హెడ్ ట్యాంకులు ఖాళీ అయ్యాయి. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. చంటిపిల్లలకు పాలు లేవు. చుట్టూ మనిషి లోతు నీళ్లు, తాగడానికి చుక్క లేదు. ప్రభుత్వం పడవలు పెట్టింది, ట్రాక్టర్లు తిప్పింది, డ్రోన్లతో ఆహారం పంపింది. అయినా మెయిన్ రోడ్డు పక్కన ఉన్నవాళ్లకు అందినంత త్వరగా లోపలి సందుల్లో వాళ్లకు అందలేదు. గండ్లు పూడ్చడానికే సైన్యం సాయంతో దాదాపు వారం పట్టింది.

ఇందులో ఎవరి తప్పెంత అన్న చర్చ జరగాల్సిందే, మేం ఇంతకుముందూ చేశాం, ఇకముందూ చేస్తాం. ఈ రోజు చెప్పదలుచుకున్నది వేరు. సహాయ బృందాలు ఎంత వేగంగా కదిలినా ఇంత పెద్ద ముంపులో మొదటి రెండు మూడు రోజులు ప్రతి ఇల్లూ తన దగ్గర ఉన్నదానితోనే నెట్టుకురావాలి. ఆ మూడు రోజులకు సరిపడా ఏర్పాటు మన ఇళ్లలో ఎక్కడా కనిపించడం లేదు.

ముందు నీళ్ల సంగతి. తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు కావాలి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు రెండు ఇరవై లీటర్ల టిన్నులు దాదాపు సరిపోతాయి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ వచ్చిన రోజు వాటిని నింపి ఎత్తున పెట్టుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అటుకులు, మరమరాలు, బిస్కెట్లు, బెల్లం, పల్లీల లాంటి పొయ్యి వెలిగించకుండా తినగలిగేవి ఒక డబ్బాలో ఉండాలి. టార్చి, పవర్ బ్యాంక్, కొంచెం చిల్లర నోట్లు కూడా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. ఇప్పుడైతే మనం కొత్తిమీర కట్టకు కూడా ఫోన్‌తోనే డబ్బులిస్తున్నాం. నెట్‌వర్క్ పోతే ఆ ఫోన్‌తో పాల ప్యాకెట్ కూడా రాదు.

అన్నిటికంటే మాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మందుల విషయం. షుగర్, బీపీ, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు మాత్రలు అయిపోయే రోజు దాకా ఆగి కొంటుంటారు. వానాకాలం నాలుగు నెలలైనా కనీసం వారానికి సరిపడా మందులు అదనంగా ఉంచుకోవాలి, చీటీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోవాలి. డయాలసిస్ చేయించుకునేవారు, నెలలు నిండిన గర్భిణులు, మంచం పట్టిన పెద్దలు ఇంట్లో ఉంటే నీరు గుమ్మం దాకా వచ్చే వరకు చూడకూడదు. హెచ్చరిక రాగానే ఎత్తున ఉన్న బంధువుల ఇంటికో, ఆస్పత్రికి దగ్గరగానో చేర్చాలి. పడవలోకి మంచాన్ని దించడం ఎంత కష్టమో సింగ్‌నగర్ వాళ్లను అడిగితే చెబుతారు.

నీరు ఇంట్లోకి వచ్చేలా ఉంటే, కాళ్లు పొడిగా ఉన్నప్పుడే మెయిన్ స్విచ్ ఆపేయాలి, గ్యాస్ రెగ్యులేటర్ కూడా ఆపేయాలి. నీళ్లలో నిలబడి స్విచ్ జోలికి పోకూడదు. పాస్‌పుస్తకాలు, దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో వేసి పైన పెట్టాలి, వాటిలో దొరికినవి డిజిలాకర్‌లో ఉంచుకోవాలి. వరద తగ్గాక కూడా తొందరపడకూడదు. నీట మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్ పాడవుతుంది, ఆ నష్టాన్ని సాధారణ పాలసీ చాలాసార్లు చెల్లించదు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకు సొంత బండి నష్టం అసలే రాదు. బురదలో, సామాన్ల సందుల్లో పాములు చేరతాయి. కాటు పడితే గాటు పెట్టడం, గట్టిగా కట్టు కట్టడం మానేసి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బోరు, బావి నీళ్లు క్లోరినేషన్ అయ్యేదాకా మరిగించనిదే తాగకూడదు.

రేకుల షెడ్డులో అద్దెకుండే కూలీ కుటుంబం ఇవన్నీ ఎక్కడ దాచుకుంటుందని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. అటక లేని ఇంటికి పక్కింటి డాబాయే అటక కావాలి. వరద వచ్చినప్పుడు ఎవరు ఎవరి మేడ మీదికి వెళ్లాలో వీధిలో ముందే మాట్లాడుకోవాలి, ఓనర్లు అద్దె ఇళ్లవాళ్లకు మేడ తాళం ఇవ్వాలి. ఖమ్మం ప్రకాష్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయి, హెలికాప్టర్ రాలేకపోయినప్పుడు, వాళ్లను గట్టుకు చేర్చింది హరియాణా నుంచి బతుకుదెరువుకు వచ్చిన ఒక జేసీబీ డ్రైవర్. ఆపదలో ముందు అందేది దగ్గరున్న మనిషి చెయ్యే. అయితే అంత ప్రమాదానికి తెగించాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు. అందుకే ముందస్తు ఏర్పాటు అంటున్నాం.

ఇళ్లు చేయలేని పనులు కొన్ని ఉన్నాయి, అవి ప్రభుత్వాలవే. ఎల్లో, ఆరెంజ్, రెడ్ రంగులు ఆకాశం నుంచి ఎంత వాన పడుతుందో చెబుతాయి. మా సందులోకి ఎంత నీరొస్తుందో చెప్పవు. ఫోన్లకు వచ్చే హెచ్చరిక జిల్లా మొత్తానికి ఒకటే అయితే జనం చూసి పక్కన పెట్టేస్తారు. ఏటి గట్టుకు ఏం జరిగింది, నీరు ఎన్ని గంటలకు ఏ కాలనీకి చేరుతుంది అన్నది వార్డు పేరుతో, తెలుగులో, మైకులో కూడా చెప్పాలి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో వేల ప్రాణాలు పోయాక తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు, తుపాను వస్తోందంటే ఊళ్లు ఖాళీ చేయించడం అలవాటైంది. తీరం నేర్చుకున్నది నగరాలకు ఇంకా రాలేదు.

విజయవాడ, ఖమ్మం నగరపాలక సంస్థలను, వరద తాకిడి ఉన్న ప్రతి పట్టణాన్ని మేం కోరేది ఇది. 2024లో నీరు ఎక్కడి దాకా వచ్చిందో ప్రతి వీధిలో కరెంటు స్తంభం మీద పెయింట్‌తో గీత గీయండి. పడవ ఏ మలుపు దగ్గర ఆగుతుందో, పునరావాస కేంద్రం ఏ బడిలో ఉంటుందో ఆ గీత పక్కనే రాయండి. సొంతంగా కదలలేని వారి జాబితా వార్డు స్థాయిలో కాగితం మీద కూడా ఉండాలి, ఎందుకంటే ముంపు రోజున కంప్యూటర్ పని చేయదు. ఇవి నైరుతి రుతుపవనాలు రాకముందే, మే నెలాఖరులోగా పూర్తి కావాలి.